వీధి నియమం ఎవరు రాయాలి?

(ఇంజినీర్ల దినోత్సవం సందర్భంగా చేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



విశ్వేశ్వరయ్యగారి పేరు చెప్పగానే చాలామందికి కృష్ణరాజసాగరం గుర్తుకొస్తుంది. హైదరాబాదు వాళ్లకు గుర్తుకు రావలసింది మూసీ. 1908 సెప్టెంబరు 28న ఆ నది పొంగి నగరాన్ని ముంచేసింది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిస్తే ఆయన వచ్చారు. వచ్చీ రాగానే పరిష్కారం ప్రకటించలేదు. ఎగువన పరీవాహక ప్రాంతంలో ఎన్ని చెరువులున్నాయో, ఎక్కడ ఎంత వాన పడిందో లెక్క తీయించారు. మొత్తం 788 చెరువులు, వాటిలో ఆ వరదకు తెగినవి 221 అని తేలింది. ఆ లెక్కలోంచే నగరానికి ఎగువన జలాశయాలు కట్టాలన్న సలహా పుట్టింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఈ మధ్యలో, 1912లో, నగరాన్ని బాగుచేయడానికి ఒక బోర్డు ఏర్పడింది. చార్మినారుకు వెళ్లేదారిలో పత్తర్‌గట్టీ దుకాణాల ముందు ఒకే తీరున కనిపించే రాతి కమానులు ఆ బోర్డు చలవే. దుకాణం ఎవరిదైనా ముఖం మాత్రం వీధిది. భవనం రూపు మీద నియమం ఉంటే వీధికి ఏమొస్తుందో చూడాలంటే ఇప్పటికీ అక్కడికే వెళ్లాలి.

పత్తర్‌గట్టీ నియమం పైనుంచి వచ్చింది. రాజు ఉన్నాడు, బోర్డు ఉంది, వాళ్లు గీసినట్టు కట్టారు. ఆ రోజుల్లో నగరవాసికి ఓటు లేదు, అడిగే ఆనవాయితీ లేదు. ఇప్పుడు ఓటుంది. అయినా మన వీధిలో రేపు లేవబోయే భవనం ఎలా ఉండాలో చెప్పే నియమం మాత్రం ఇంకా పైనుంచే వస్తోంది. ఈ సాయంత్రం నేను వాదించబోయేది ఒక్కటే: నియమం తయారయ్యాక అభ్యంతరాలు అడగడం చాలదు, నియమం రాసేటప్పుడే ఆ వీధి వాళ్లను కూర్చోబెట్టాలి. ఇది దయతో చేసే పని కాదు. విశ్వేశ్వరయ్యగారు గీత గీసే ముందు లెక్క తీయించినట్టే, ఇదీ లెక్క తీయడమే.

పైనుంచి వచ్చేది పైనే పోతుంది

మన దగ్గర భవనాల రూపును నిర్ణయించేది జీవో. 2006 మార్చిలో వచ్చిన 86వ నంబరు జీవోతో హైదరాబాదులో ఎఫ్.ఎస్.ఐ. పరిమితి పోయింది. అంటే స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లకు మించి కట్టకూడదన్న లెక్క పోయింది. ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం సైజు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్, అగ్నిమాపక నిబంధనలు కలిసి ఎత్తును తేలుస్తాయి. 2012లో వచ్చిన 168వ నంబరు జీవో ఈ నిబంధనలను ఒకచోట చేర్చింది. వీటిలో తర్కం ఉంది, సౌలభ్యం ఉంది. లేనిది చోటు. అశోక్‌నగర్ సందుకూ, కూకట్‌పల్లి కాలనీకీ, మొన్నమొన్న లేఅవుటు వేసిన శంకరపల్లి పొలానికీ దాదాపు అదే పట్టిక. రోడ్డు నలభై అడుగులైతే నలభై అడుగులే. ఆ రోడ్డు పల్లంలో ఉందా మిట్టలో ఉందా అని పట్టిక అడగదు.

వీధిలో ఉండేవాళ్లకు తెలిసినవి వేరు. వాన పడితే నీళ్లు మొదట ఎవరి గేటు ముందు నిలుస్తాయో తెలుసు. పాత రోడ్డు గీకకుండానే దాని మీద కొత్త రోడ్డు పోసీ పోసీ ఏ ఇళ్ల గడపలు రోడ్డు కన్నా కిందికి దిగిపోయాయో తెలుసు. కొత్త అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు రోడ్డు మీదికి ఎంత ముందుకొచ్చిందో, దానివల్ల బడికెళ్లే పిల్లలు ఎక్కడ రోడ్డు మధ్యకు జరగాల్సి వస్తోందో తెలుసు. కింద అంతా స్టిల్ట్ పార్కింగు చేసిన భవనాలు వరసగా నాలుగు వస్తే, రాత్రి తొమ్మిది దాటాక ఆ వరసలో నడవడానికి ఆడవాళ్లు ఎందుకు జంకుతారో తెలుసు. ఒకప్పుడు అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. ఇప్పుడు అక్కడ కార్లుంటాయి. ఈ సమాచారం ఏ శాఖ ఫైల్లోనూ లేదు. వీధి మనుషుల దగ్గరే ఉంది, పైగా ఉచితంగా దొరుకుతుంది.

పైనుంచి వచ్చిన నియమానికి ఇంకో బలహీనత ఉంది. దాన్ని కాపాడుకోవడానికి కింద ఎవరూ ఉండరు. హైదరాబాదులో వారసత్వ భవనాలకూ, కొండరాళ్లకూ రక్షణ కల్పించిన 13వ రెగ్యులేషన్ సంగతి మీలో చాలామందికి తెలుసు. 1995లో ప్రభుత్వం దాన్ని ఆ రూపంలో తెచ్చింది. 2015లో ప్రభుత్వమే తీసేసింది. అది ఉన్న ఇరవై ఏళ్లలో దానికోసం పోరాడినవాళ్లు ఉన్నారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ భవనాల పక్కన బతికే సామాన్యుడికి అది తన నియమం అనిపించలేదు. అతను రాయలేదు, అతన్ని ఎవరూ అడగలేదు. పోయినప్పుడు అతనికి తన సొత్తు పోయినట్టు అనిపించలేదు.

అడగకపోతే ఏమవుతుందో కామారెడ్డి చూపించింది. పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ సాగుభూములు పారిశ్రామిక జోన్‌లో ఉన్నాయని తెలిసి రైతులు రోడ్డెక్కారు. 2023 జనవరిలో ఆ ఆందోళన రాష్ట్రాన్నంతా కదిలించింది. చివరికి పురపాలక సంఘమే ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అదే నెలలో అదే కథ. చట్టం ప్రకారం అభ్యంతరాలకు గడువు ఇస్తారు, నిజమే. కానీ రంగులు వేసిన పటం చేతికొచ్చాక మనిషికి మిగిలేది అవును, కాదు అన్న రెండు మాటలే. భయం ఉన్నవాడు కాదు అంటాడు. అన్నవాణ్ని అభివృద్ధి నిరోధకుడు అంటాం. అతనికి మూడో మాట అనే అవకాశం మనమే ఇవ్వలేదు.

చేపలు పట్టే ఊరు రాసుకున్న నియమాలు

మూడో మాట ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక జపాను ఊరి సంగతి చెబుతాను. పేరు మానజురు. కనగావా రాష్ట్రపు నైరుతి కొసన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన చిన్న ద్వీపకల్పం. విస్తీర్ణం ఏడు చదరపు కిలోమీటర్లు. చేపల వేట, కమలాతోటలు, కొమత్సు రాతి గనులు వాళ్ల జీవనం. టోక్యో నుంచి రైల్లో గంటన్నర ప్రయాణం. ఈ గంటన్నరే ఊరికి ముప్పు తెచ్చింది.

1987లో జపాను ప్రభుత్వం రిసార్టుల చట్టం చేసింది. భూముల ధరలు ఆకాశాన్నంటుతున్న రోజులవి. వారాంతపు విడిది కోసం బహుళ అంతస్తుల భవనాలు కడతామని బిల్డర్లు మానజురుకు వరస కట్టారు. ఊరికి నీటి వసతి అంతంత మాత్రం. 1990లో భారీ నిర్మాణాలకు వ్యతిరేకంగా నిలబడిన మికి కునియుకి మేయరుగా గెలిచారు. అదే ఏడు ఊరు నీటి సరఫరా నియంత్రణ నిబంధన చేసుకుంది. పెద్ద భవనాలకు నీళ్లివ్వం అన్నారు. నీటి దగ్గర పట్టుకుంటే నిర్మాణం ఆగుతుందని వాళ్లకు తెలిసింది. ఈ ఎత్తు విశ్వేశ్వరయ్యగారికి నచ్చేదే.

వద్దు అనడం సులువు. మరి ఏది కావాలి? ఈ ప్రశ్న దగ్గరే చాలా ఉద్యమాలు చతికిలపడతాయి. మానజురు పడలేదు. ఇగరాషి తకయోషి అనే న్యాయవాదినీ, ఒక వాస్తుశిల్పినీ, ఒక ప్లానర్నీ పిలిపించుకుంది. వాళ్లు పురపాలక సిబ్బందితో కలిసి ఊరంతా నడిచారు. జనం ఎక్కడ ఆగి మాట్లాడుకుంటున్నారు, ఏ మెట్ల మీద కూర్చుంటున్నారు, ఇంటి వెనక సందులు ఎంత వెడల్పు, పైకప్పులు కొండవాలుతో పాటు ఎలా దిగుతున్నాయి అని చూశారు. క్రిస్టఫర్ అలెగ్జాండర్ బృందం 1977లో వేసిన ‘ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్’ పుస్తకం వాళ్లకు దారి చూపింది. మంచి చోట్లలో పదే పదే కనిపించే అమరికలను 253 అంశాలుగా విడదీసి చెప్పిన గ్రంథం అది. మానజురు వాళ్లు తమ ఊరికి సరిపడేవి రాసుకున్నారు. స్థలం, ప్రాధాన్యక్రమం, కొలత, పొందిక, సామగ్రి, అలంకరణ, సముదాయం, దృశ్యం అని ఎనిమిది సూత్రాలు. వాటి కింద 69 అంశాలు. ఒక్కోదానికి బొమ్మా వివరణా ఉంటాయి.

ఆ అంశాల పేర్లు కొన్ని వినండి. ప్రశాంతమైన పెరడు. పండ్లు కాసే చెట్టు. కూర్చోగల మెట్లు. వీధికి కాస్త కనిపించే తోట. నలుగురు ఆగే చిన్న చోటు. వాలుతో పాటు దిగే పైకప్పు. తగుమాత్రం పార్కింగు. రకరకాల కుటుంబాల కలయిక. వీటిలో ఎఫ్.ఎస్.ఐ. లేదు, శాతం లేదు. జాలరి ఇంట్లో ముసలావిడకు కూడా ఇవి అర్థమవుతాయి. అర్థమైన నియమం గురించే మనిషి వాదించగలడు.

ఈ నిబంధన 1993 జూన్‌లో వెలువడింది, 1994 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ‘సౌందర్య శాసనం’ అని జపానంతా దాన్ని పిలిచింది. దాని నడక ఇలా ఉంటుంది. కట్టదలచుకున్నవారు ముందుగా ఊరికి చెప్పాలి. ఇరుగుపొరుగుకు వివరించాలి. ఒప్పందం కుదరకపోతే బహిరంగ విచారణ కోరవచ్చు. అప్పటికీ తేలకపోతే పట్టణ సభ ముందుకు వెళుతుంది. నియమాలు ఎలా ఉంటాయో చూపించడానికి ఊరే ముందుగా ‘కమ్యూనిటీ మానజురు’ అనే సామాజిక భవనాన్ని ఆ పద్ధతిలో కట్టి చూపించింది. పక్కవాడికి చెప్పేముందు తాను చేసి చూపడం అంటే ఇదే.

ఆ ఊరు స్వర్గమైపోయిందని నేను చెప్పను. జాతీయ చట్టం ముందు ఈ నిబంధన చాలావరకు సంప్రదింపుల బలంతో నడిచేదే. పిల్లలు నగరాలకు వెళ్లిపోయారు. 2017లో కనగావా రాష్ట్రంలో మొట్టమొదటిసారిగా జనాభా క్షీణించిన ప్రాంతంగా ప్రభుత్వం గుర్తించింది మానజురునే. జనాభా ఇప్పుడు ఏడువేల లోపు. అందమైన నియమాలు ఉద్యోగాలు తేలేవు. వాటిని ఆ పనికి వాడబోతే నిరాశే. అయితే ఆ ఊరికి వెళ్తే పైకప్పుల మీదుగా సముద్రం కనిపిస్తుంది. నియమం చేస్తానన్న పని చేసింది.

వద్దనడానికి అనుమతి ఇస్తే

ఇక్కడ అనుభవమున్న అధికారులు ఒక ప్రశ్న వేస్తారు. వేయాలి కూడా. “జనాన్ని అడిగితే మా పక్కన ఏమీ రావద్దంటారు. తాము ఇల్లు కట్టుకున్నాక తలుపు మూసేస్తారు. కొత్తగా ఊళ్లోకి వచ్చేవాళ్లు ఎక్కడుండాలి?”

ఈ భయం ఉత్తది కాదు. దీనికి ఇంగ్లండు ఒక జవాబు రాసుకుంది. అక్కడ 2011 నాటి లోకలిజం చట్టం కింద పేట వాళ్లే తమ ప్లాను రాసుకోవచ్చు. పారిష్ కౌన్సిల్ అనే స్థానిక సంస్థ లేని చోట కనీసం 21 మంది కలిసి ఫోరంగా ఏర్పడాలి. రాసిన ప్లానును స్వతంత్ర పరిశీలకుడు తనిఖీ చేస్తాడు. తరవాత ఆ ప్రాంతపు ఓటర్ల మధ్య రెఫరెండం జరుగుతుంది. పోలైన ఓట్లలో సగం దాటితేనే అది చెల్లుతుంది, చెల్లితే అనుమతులిచ్చే అధికారి దాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. కంబ్రియాలోని అప్పర్ ఈడెన్ ప్రాంతం 2013 మార్చిలో మొట్టమొదట ఈ దారిన గెలిచింది. అసలు కిటుకు ఇంకోటి ఉంది. పై స్థాయి ప్లాను ఎన్ని ఇళ్లు కావాలంటుందో అంతకన్నా తక్కువకు పేట ప్లాను ఒప్పుకోకూడదు. ఎన్ని అన్నది నగరం నిర్ణయిస్తుంది. ఎలా అన్నది పేట నిర్ణయిస్తుంది. ఈ గీత స్పష్టంగా ఉంటే తలుపు మూసే పని కుదరదు.

ఇంగ్లండు అనుభవంలోనే మరో హెచ్చరిక ఉంది. తీరికా చదువూ డబ్బూ ఉన్న పేటలే ఎక్కువగా ఈ ప్లాన్లు రాసుకున్నాయి. మన దగ్గర ఈ ప్రమాదం ఇంకా పెద్దది. కాలనీ సంఘం అంటే మన దగ్గర తరచుగా సొంతిల్లున్న, రిటైరైన, ఒకే వర్గానికి చెందిన కొద్దిమంది మగవాళ్లు. వాళ్ల చేతికి కలం ఇస్తే నియమం భవనాల మీద నుంచి మనుషుల మీదికి జారుతుంది. బ్యాచిలర్లకు అద్దెకివ్వొద్దు, మాంసం వండేవాళ్లు వద్దు, ఫలానా మతం వద్దు అనే బోర్డులు మనం చూడనివి కావు. అందుకే రెండో గీత కూడా గట్టిగా గీయాలి: నియమం గోడకు, గేటుకు, చెట్టుకు, నీళ్లకు. అందులో ఎవరుండాలన్నదాని మీద వీధికి ఏ అధికారమూ లేదు. మానజురు ‘రకరకాల కుటుంబాల కలయిక’ను సౌందర్య నియమాల్లోనే చేర్చుకున్న సంగతి మరవద్దు.

మరి కూర్చునేది ఎవరు? దీనికి మన దేశంలోనే నమూనా ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో వీధి వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు, అందులో మూడోవంతు మహిళలుండాలి. ఎవరి బతుకు మీద నియమం పడుతుందో వాళ్లకు ఆ గదిలో కుర్చీ వేయాలని పార్లమెంటే చెప్పింది. భవనాల విషయంలో అదే కొలతతో అద్దెకుండేవాళ్లకూ, పనివాళ్లకూ, బండ్ల మీద అమ్ముకునేవాళ్లకూ కుర్చీలు వేస్తే చాలు.

తలుపు తెరిచే ఉంది

మానజురు శాసనం వెలువడిన 1993 జూన్‌లోనే, ఒకటో తేదీన, మన 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండో షెడ్యూలులో 18 అంశాలుంటే మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూవినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న చోట వార్డు కమిటీలుండాలని 243ఎస్ అధికరణం చెబుతోంది. తెలంగాణ పురపాలక చట్టం 2019 వార్డుకు నాలుగు కమిటీలు పెట్టింది: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు. ఒక్కోదానిలో 15 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి వార్డు సచివాలయంలో ప్లానింగు కార్యదర్శి ఒకరు కూర్చుని ఉన్నారు. చట్టం ఉంది, కమిటీ ఉంది, జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఉన్నాడు. వాళ్లకు పని చెప్పడమే మిగిలింది.

ఇప్పుడే ఎందుకు అంటే, అనుమతుల పద్ధతి మారిపోయింది. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం చిన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీద తక్షణ అనుమతి ఇస్తుంది. పెద్ద భవనాలకు 21 రోజుల గడువు. ఇది మంచిదే. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది. కానీ అనుమతి క్షణాల్లో వచ్చే చోట పక్కింటివాడు ఆలోచించి మాట్లాడే సమయమెక్కడ? దరఖాస్తు పడ్డాక చర్చకు తావు లేనప్పుడు చర్చంతా దరఖాస్తుకు ముందే, నియమం రాసే దశలోనే జరగాలి. అనుమతి ఎంత వేగమైతే నియమం అంత ముందుగా, అంత స్పష్టంగా ఉండాలి. బిల్డరుకూ ఇదే మేలు. సగం కట్టాక వచ్చే ధర్నా కన్నా, స్థలం కొనేముందే తెలిసే నియమం చౌక.

పని ఎలా మొదలుపెట్టాలో నాకు తోచిన క్రమం చెబుతాను. ముందు నడక. వార్డు కమిటీ, ప్లానింగు అధికారి, విద్యార్థులు కలిసి ఒకసారి పగలు, ఒకసారి చీకటి పడ్డాక, ఒకసారి వానలో నడవాలి. తరవాత కొలత. నీళ్లు ఎక్కడ ఎన్ని అంగుళాలు నిలిచాయి, ర్యాంపు ఎన్ని అడుగులు ముందుకొచ్చింది, ప్రహరీ ఎంత ఎత్తు, నీడనిచ్చే చెట్లు ఎన్ని. ఆ తరవాత ముసాయిదా. తెలుగులో, ఉర్దూ మాట్లాడే చోట ఉర్దూలో కూడా, ప్రతి నియమానికీ బొమ్మతో. ఇరవై నియమాలు దాటనవసరం లేదు. ర్యాంపు స్థలం లోపలే ముగియాలి. వీధి వైపు ప్రహరీ ఛాతీ ఎత్తు దాటితే పైభాగం జాలీ కావాలి. వీధి ముఖాన కనీసం ఒక గదికి కిటికీ ఉండాలి. ఇంకుడు గుంత నీళ్లు చేరే మూల తవ్వాలి, ఖాళీ ఉన్న మూల కాదు. ఉన్న వేపచెట్టును మధ్యలో పెట్టుకుని ప్లాను గీయాలి. ఇలాంటివి. పరిశీలకుడు చట్టంతో పోల్చి చూడాలి. తరవాత వార్డులో ఓటు. అద్దెకున్నవాళ్లకూ ఓటు. అయిదేళ్లకోసారి మళ్లీ చూసుకోవాలి.

చివరి మెట్టే ముఖ్యం. ఓటు పడిన నియమం అనుమతులిచ్చే కంప్యూటరులోకి ఎక్కాలి. సర్వే నంబరు కొట్టగానే ఆ వీధి నియమాలు తెర మీదికి రావాలి. అలా రాకపోతే మనం చేసింది ఒక తీర్మానం, గోడకు తగిలించుకోవడానికి ఒక ఫోటో.

ఇంజినీరు చదువు అక్కరలేదని నేను అనడం లేదు. పునాది లోతు, అగ్నిమాపక వాహనానికి దారి, విద్యుత్ తీగల నుంచి దూరం ఓటుకు పెట్టే విషయాలు కావు. కానీ వీధి ముఖం ఎలా ఉండాలో తెలిసింది అక్కడ రోజూ నడిచే మనిషికే. ఆ మనిషిని అడగకుండా గీసిన పటం సాంకేతికంగా ఎంత గొప్పదైనా, లెక్క తీయకుండా కట్టిన ఆనకట్టే.

కాబట్టి నా విన్నపాలు మూడు. ప్రభుత్వాలకు: ప్రతి నగరంలో ఒక్క వార్డును ఎంచుకుని, ఒక్క ఏడాది గడువు పెట్టి, ఆ వార్డు రాసుకున్న నియమాలకు చట్టబలం ఇవ్వండి. విద్యార్థులకు: మీ సెమిస్టరు ప్రాజెక్టు కోసం సింగపూరు పటాలు దింపుకునే బదులు, మీరుంటున్న హాస్టలు వీధిని కొలవండి. కాలనీ సంఘాల మిత్రులకు: మీ తరవాతి సమావేశానికి అద్దెకుండేవాళ్లనూ, మలుపులో కూరలమ్మే ఆమెనూ పిలవండి, ఒక టేపు, ఒక వీధి పటం బల్ల మీద పెట్టండి, వద్దన్నవాటి జాబితా పక్కన పెట్టి, కావలసినవాటి జాబితా ఈ ఏడే మొదలుపెట్టండి.